కత్తి అందే దూరం

విదేశం నుంచి వేటకి వచ్చిన రోలాండ్ పేల్చిన మూడో తూటాకి అవతలి గట్టు మీది తెల్లరాయి రెండు ముక్కలైంది. ముందు దుమ్ము లేచింది, టక్కుమన్న చప్పుడు తర్వాత వచ్చింది. శిబిరం ముందు నిలబడ్డవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. వంటవాడు పిండిచేతులతోనే కొట్టాడు.

వేటకి దారి చూపే దోలోత్ కొట్టలేదు. దుర్భిణి దించి, ఆ రాయికీ తనకీ మధ్యనున్న లోయను చూస్తూ ఉండిపోయాడు. అక్కడికి వెళ్ళాలంటే లోయలోకి దిగాలి, వాగు దాటాలి, దిగినంతా మళ్ళీ ఎక్కాలి. గంటన్నర పడుతుంది. గాలి ఎదురైతే రెండు గంటలు.

"ఎనిమిది వందల పది మీటర్లు!" అన్నాడు కుబాత్, ఎగిరి గంతేసినంత పని చేసి. శిబిరం నడిపేది అతనే, దోలోత్‌ని అందరిలాగే బైకే, అంటే అన్నా, అని పిలుస్తాడు. "చూశావా బైకే? మన తాతలు కల్లో అయినా కన్నారా ఇంత దూరం?"

"రాయి కదా. ఎక్కడికి పోతుంది?" అన్నాడు దోలోత్.

పట్నం నుంచి వచ్చిన దుబాసీ పిల్ల బేగిమాయ్ ఆ మాటను ఇంగ్లీషులో చెప్పింది. రోలాండ్ తుపాకీ పక్కనుంచి తల ఎత్తి, సంతోషంగా నవ్వి, బొటనవేలు చూపించాడు.

"ఏం చెప్పావమ్మా ఆయనకి?"

"మీకు బాగా నచ్చిందని చెప్పాను."

"నేనట్లా అనలేదే."

"తెలుసు బైకే. మొదటిరోజే కదా అని..."

"సరే, అదలా ఉంచు. ఇది మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పు. మూడు వందల మీటర్లు. అంతకు మించితే నేను 'కాల్చు' అనను. నేను అనకుండా ఇక్కడ ఎవరూ కాల్చరు."

ఈసారి ఆమె మార్చలేదని దోలోత్‌కి రోలాండ్ మొహం చూస్తేనే తెలిసింది. అరవై ఏళ్ళ మనిషి, బక్కపలచగా, చక్కటి చేతులు. వడ్రంగం చేసేవాడి చేతుల్లా ఉన్నాయి. కోపం తెచ్చుకోలేదు. తుపాకీ మీద గుడ్డ కప్పి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎందుకో చెప్పమని అడిగాడు.

"కొమ్ములు ఆయనవి, మాంసం మా ఊరిది. ఈ శిబిరం పెట్టినరోజు అనుకున్న మాట అది," అన్నాడు దోలోత్. "కాల్చేవాడు బిస్మిల్లా అనడు. అందుకని పొట్టేలులో ఊపిరి ఉండగా నేను వెళ్ళి, దేవుడి పేరు చెప్పి, కత్తి వెయ్యాలి. అప్పుడే మా ఆడవాళ్ళు దాన్ని గుండిగలో వేస్తారు. నేను పరిగెత్తి అందుకోగల దూరం మూడు వందలు. ముప్పై ఏళ్ళ వయసులో నాలుగు వందలు అందుకునేవాణ్ణి, ఇప్పుడు మోకాళ్ళు సాగనివ్వవు."

రోలాండ్ చాలాసేపు మాట్లాడాడు. బేగిమాయ్ ముక్కలుముక్కలుగా చెప్పుకొచ్చింది. "దగ్గరికి పాక్కుంటూ వెళ్తే అవి వాసన పసిగడతాయట, పరిగెత్తుతాయట. పరిగెత్తేదాన్ని కంగారులో కాలిస్తే కాలో పొట్టో పగులుతుంది. తను అట్లా చెయ్యడట. దూరంగా పడుకుని, అది నింపాదిగా మేస్తూ ఉంటే, ఒక్కటే కాలుస్తాడట. చప్పుడు కూడా దాని చెవిన పడదట. ఏది దయ, మీరే చెప్పమంటున్నాడు."

ఆ మనిషి అన్నది అబద్ధం కాదు. దగ్గరికి వెళ్ళి కూడా చెడగొట్టినవాళ్ళని దోలోత్ బోలెడంత మందిని చూశాడు. కుర్రతనంలో తనే ఒకదాని దవడ పగలగొట్టి మూడు రోజులు తిరిగాడు.

"అక్కడిదాకా పోవడానికి తూటాకి ఎంతసేపు పడుతుందో అడుగు," అన్నాడు చివరికి.

"ఒక సెకను. పైన కొంచెం."

"కొండపొట్టేలు ఒక అడుగు వెయ్యడానికి అంత చాలు."

రోలాండ్ ఆ మాట విని తల పంకించాడు. ఒప్పుకున్నట్టా, విన్నానన్నట్టా అన్నది తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే ఊళ్ళోంచి, అందరూ ఆపా అని, అంటే అక్కా అని పిలిచే బురుల్ వచ్చింది. పొరుగువాళ్ళ గుర్రం అడిగి తెచ్చుకుని, శిబిరానికి రొట్టెల మూట వేసుకుని, రెండు గంటలు ఎక్కివచ్చింది. డెబ్బై దాటిన మనిషి. గుర్రం దిగడానికి దోలోత్ చెయ్యి అందిస్తే, విదిలించుకుని తనే దిగింది. మొగుడు జపార్ పోయి ముప్పై ఏడు రోజులు. ఆ కొండల్లో జపార్‌ని మించిన వేటగాడు లేడు. దోలోత్‌కి తుపాకీ పట్టడం నేర్పింది ఆయనే.

"ఆవలెల్లుండి మధ్యాహ్నం నలభయ్యో రోజు భోజనాలు," అంది డేరా నీడన కూలబడుతూ. "వంద మంది వస్తారు. ఎక్కువే కావచ్చు. బతికుండగా ఒక్క పూట పలకరించనివాళ్ళు కూడా వస్తారు, చూస్తూ ఉండు."

"మాంసానికి ఏం చేస్తున్నావు ఆపా?"

"ఏముంది చెయ్యడానికి? వసంతంలో కురిసిన మంచుకి గొర్రెలన్నీ పాయె. నావే కాదు, ఊరంతటివీ పాయె. ఎవరి మొహం చూసి అడగను? మిగిలింది ఆ ఒక్క జడల బర్రె. దాన్ని కొయ్యమంటున్నారు. కోస్తే చలికాలమంతా మనవలకి ఏం తాపను? మంచు నీళ్ళా?"

"దాని జోలికి పోకు," అన్నాడు దోలోత్. "ఈ దొర కొట్టే పొట్టేలు నీకే తెస్తాను. ముల్లాతో కూడా చెప్పేశాను. పెద్ద పొట్టేలైతే వంద మందికి చాలుతుంది."

"మాటేనా?"

"మాటే."

"మీ గురువు కూడా ఇట్లాగే మాటలిచ్చేవాడు, పెళ్ళికి ముందు," అంది ముసలామె. కానీ లేచేటప్పుడు దోలోత్ భుజం పట్టుకుని లేచింది. గుర్రం ఎక్కేటప్పుడు అతని చెయ్యి విదిలించుకోలేదు.

మర్నాడు తెల్లారేసరికి దోలోత్, రోలాండ్, బేగిమాయ్ ముగ్గురూ పడమటి గట్టు మీద ఉన్నారు. గుర్రాలు కింద రాళ్ళ చాటున కట్టేశారు. ఏడు కొండపొట్టేళ్ళు ఎదురుగా ఒక పచ్చటి గిన్నెలాంటి పల్లంలో పడుకుని నెమరేస్తున్నాయి. వాటిలో ఒకదాని కొమ్ములు చెవుల కిందినుంచి చుట్టు తిరిగి, మళ్ళీ బయటికి విచ్చుకున్నాయి. పదేళ్ళ పైబడిన ముసలిది. రోలాండ్ దూరం కొలిచే యంత్రం కంటికి పెట్టుకుని, ఏమీ అనకుండా దోలోత్‌కి చూపించాడు. ఆరు వందల తొంభై.

దోలోత్ తల అడ్డంగా ఊపి, గట్టు వెనకనుంచి చుట్టూ తిరిగి వెళ్ళే దారి చూపించాడు.

రెండున్నర గంటలు పట్టింది. చివరి రెండు వందల అడుగులు పొట్ట మీద పాకారు. గులకరాయి కదిలితే అది ఆగేదాకా అరచేత్తో నొక్కిపట్టి ఉంచాల్సి వచ్చింది. రోలాండ్ వయసుకి మించి పాకాడు, మోచేతులు చీరుకుపోయినా కిక్కురుమనలేదు. బేగిమాయ్ బూట్లు విప్పి మెడలో వేసుకుని వచ్చింది. మూడు వందల యాభై దగ్గర ఒక రాతిబండ చాటున దోలోత్ ఆగి, ఇంకొక్క బండ దాటితే చాలు అని వేలు చూపించాడు. అంతలో మెడ వెనక చెమట మీద చల్లగా తగిలింది. గాలి తిరిగింది.

ముసలి పొట్టేలు లేచి నిలబడింది. ఊదినట్టు ఒక్క చప్పుడు చేసింది. అంతే, ఏడూ ఎగువకి ఎగబాకి, కళ్ళముందే కొండ ఆవలికి మాయమయ్యాయి.

రోలాండ్ తుపాకీ ఎత్తనే లేదు. పక్కకి దొర్లి, ఆకాశం చూస్తూ పడుకుని, మెల్లిగా ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?" అడిగాడు దోలోత్.

బేగిమాయ్ తటపటాయించింది. "అరగంటసేపు పడుకునే ఉన్నాయి అంటున్నాడు. అక్కణ్ణించి చూసినప్పుడు, అరగంట, కదలకుండా."

సాయంత్రం డేరాలో కుబాత్ టీ పోస్తూ మొదలుపెట్టాడు. "బైకే, పట్టూ విడుపూ ఉండాలి మనిషికి. ఎల్లుండి ఆయన వెళ్ళిపోతాడు. ఉత్తచేతులతో పోతే మనకి తలవంపులు. ఆయన గురి చూశావుగా? రాయిని రెండు చెక్కలు చేశాడు."

"చూశాను."

"మరింకేం? నీ మొండితనం వల్ల ఆయనకి పొట్టేలు దక్కదు, ఊరికి మాంసం దక్కదు. బురుల్ ఆపాకి మాటిచ్చింది నేనా, నువ్వా?"

దోలోత్ టీ తాగకుండానే లేచి గుర్రాలకి గడ్డి వెయ్యడానికి పోయాడు. కుబాత్ తప్పు మాట్లాడితే తిట్టొచ్చు. ఒప్పు మాట్లాడితే ఏం చెయ్యాలి?

మూడోరోజు ఉదయమంతా వెతికారు. ఎండ నడినెత్తికి వస్తుండగా అవే ఏడు పొట్టేళ్ళు కనిపించాయి. అయితే లోయ అవతల. మధ్యలో వాగు కోసిన నిట్టనిలువు చీలిక. ఇవతలి గట్టు బోడిగా ఉంది, మనిషి తల దాచుకునేంత రాయి లేదు. చుట్టూ తిరిగి వెళ్తే పొద్దుగూకిపోతుంది. రోలాండ్ యంత్రంలో అంకె చూసి బేగిమాయ్‌కి చెప్పాడు.

"ఏడు వందల నలభై," అంది ఆమె.

"ఎదురుచూద్దాం. నీళ్ళకి దిగుతాయి," అన్నాడు దోలోత్.

దిగలేదు. ఒంటిగంట అయింది, రెండయింది. ముసలి పొట్టేలు లేస్తుంది, నాలుగు పరకలు కొరుకుతుంది, మళ్ళీ పడుకుంటుంది. రోలాండ్ మూట మీద తుపాకీ సర్ది, దాని వెనక పడుకుని, మాట్లాడకుండా ఉన్నాడు. ఆ ఓపికే దోలోత్‌ని ఎక్కువ పీడించింది. వాడు అరిచి గోల చేసి ఉంటే కాదని చెప్పడం తేలిక.

మూడింటికి రేడియో గరగరమంది. కుబాత్ గొంతు. "బైకే, వినపడుతోందా? నేను ఊళ్ళో ఉన్నాను. ఆపా ఇంటిముందు పొయ్యిగుంటలు తవ్వేశారు. గుండిగలు రెండు తెచ్చారు. బర్రెని కొయ్యనని అందరికీ చెప్పేసింది, దోలోత్ తెస్తున్నాడని. ఏం చెప్పను ఆమెకి?"

దోలోత్ రేడియో కట్టేశాడు. ఎండుగడ్డి పీకి గాల్లోకి వదిలాడు, నిదానంగా ఎడమకి పోయింది. ఈ గట్టు మీద గాలి ఇది. ఆ గట్టు మీద గాలి ఏమిటో ఎవరికి తెలుసు? మధ్యలో చీలికలోంచి లేచే గాలి సంగతి ఆ దేవుడికే తెలియాలి. నలభై ఏళ్ళు కొండలెక్కినవాడికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. తగిలితే అక్కడికి చేరడానికి గంటన్నర పడుతుందనీ తెలుసు. అయినా మనసు లెక్కలు కట్టడం మొదలుపెట్టింది. వెన్నులో తగిలితే కూలబడుతుంది కానీ చావదు. అట్లా గంట గంటన్నర ఊపిరితో ఉన్నవి లేవా? ఉన్నాయి. ఒకటో రెండో. పరిగెత్తితే అందొచ్చు.

"కాల్చమను," అన్నాడు.

బేగిమాయ్ అతనికేసి చూసింది. "బైకే?"

"కాల్చమను, అంటున్నాగా!"

రోలాండ్ కూడా తల తిప్పి ఒకసారి చూశాడు, సరిగ్గా విన్నానా అన్నట్టు. తర్వాత చెంప తుపాకీకి ఆనించాడు. ఒక గుప్పెడు క్షణాలు గడిచాయి. పొట్టేలు పక్కకి తిరిగి, తల ఎత్తి, కదలకుండా నిలబడి ఉంది. దోలోత్ పెద్ద దుర్భిణిలో దాని భుజం మీది ఉన్నిపాయను చూస్తున్నాడు. తుపాకీ పేలింది. పొట్టేలు ముందుకాలు ఎత్తి, ఒక అడుగు వేసింది. పిల్లలు గడప దాటినంత మామూలుగా వేసింది. అప్పుడు తగిలింది.

వీపు విల్లులా వంచి, తల కిందికి వేలాడేసి, అక్కడే నిలబడిపోయింది.

"పొట్ట," అన్నాడు దోలోత్. "మళ్ళీ! వెంటనే!"

రెండోది దాని కాళ్ళ దగ్గర రాయికి తగిలింది. మూడోదానికి చోటు లేదు, మిగిలిన ఆరూ అడ్డంగా పరిగెత్తాయి. అవి పోయాక చూస్తే ముసలిది గట్టు ఎక్కుతోంది. పరుగు కాదు. మెట్లెక్కే ముసలివాడిలా ఆగి ఆగి ఎక్కి, శిఖరం మీద ఒకసారి నిలబడి, ఆవలికి దిగింది.

రోలాండ్ మొహం పాలిపోయింది. ఏదో అంటూనే ఉన్నాడు. బేగిమాయ్ చెప్పబోతే దోలోత్ చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు. మీరు గుర్రాలతో శిబిరానికి పొండి. నేను దాని వెనక వెళ్తాను."

అవతలికి చేరేసరికి గంటా యాభై నిమిషాలు పట్టింది. నెత్తురు పడ్డచోట ఆకుపచ్చటి నమిలిన గడ్డి కలిసి ఉంది. దోలోత్ దాన్ని వేలికి అంటించుకుని వాసన చూసి, వేలు రాయికి రాసేశాడు. అక్కణ్ణించి జాడ పట్టాడు. ఒకచోట పడుకుంది, రక్తం అరచెయ్యంత. లేచి నడిచింది. ఇంకోచోట పడుకుంది. తన అడుగుల చప్పుడు వినే లేచి ఉంటుందని దోలోత్‌కి తెలుసు. తను వెంటపడటమే దాన్ని నడిపిస్తోంది. వెంటపడకపోతే కత్తి అందదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెలుగు పోయేదాకా నడిచి, పాడుబడ్డ గొర్రెలదొడ్డి గోడ చాటున ముడుచుకున్నాడు.

పొద్దున్నే దొరికింది. దొడ్డికి నాలుగు వందల అడుగుల దూరంలో, ఎండిన వాగులో, కాళ్ళు మడిచి గడ్డం రాయి మీద ఆనించి ఉంది. చూడగానే బతికే ఉందనుకున్నాడు. కత్తి దూసుకుని పరిగెత్తాడు. దగ్గరికి పోయి కొమ్ము పట్టుకుంటే తలతో పాటు ఒళ్ళంతా ఒక్కముక్కగా కదిలింది. కనురెప్పల మీద మంచుపొడి. పొట్ట కింద చెయ్యి పెట్టి చూశాడు. అక్కడా చల్లగానే ఉంది.

దోలోత్ పక్కనే కూలబడ్డాడు. రాత్రంతా తను గోడ అవతల దగ్గుతూ ఉంటే ఇది వింటూ ఇక్కడ పడుకుని ఉంది. "నన్ను క్షమించు," అన్నాడు పైకే. ఎవరితో అన్నాడో అతనికే తెలియదు.

తర్వాత చేసిన పని ఆలోచించి చేసింది కాదు. ముప్పై ఏళ్ళుగా చేతికి అలవాటైన పని చెయ్యే చేసింది. తలని పడమటికి తిప్పి, దేవుడి పేరు చెప్పి, గొంతు మీద కత్తి లాగాడు. కోత నీటుగా పడింది. నల్లటి గడ్డ ఒకటి జారి ఆగింది. అంతే.

పేగులు తీసి, గడ్డితో కడుపు రుద్ది శుభ్రం చేస్తూ ఉండగా కుబాత్, రోలాండ్, బేగిమాయ్ దోలోత్ గుర్రాన్ని కూడా తోలుకుని, జాడ వెతుక్కుంటూ గుర్రాల మీద వచ్చారు. రోలాండ్ దిగి, కొమ్ముల దగ్గరికి కాకుండా ముందు దోలోత్ దగ్గరికి వచ్చి, రెండు చేతులూ పట్టుకున్నాడు. కుబాత్ మాత్రం తిన్నగా పొట్టేలు మెడకేసి చూశాడు. గాటు కనిపించింది. రేడియో తీశాడు.

"దొరికింది! ఆపాకి చెప్పండి, గుండిగలు ఎక్కించమనండి. కత్తి కూడా అందింది!"

దోలోత్ నోరు తెరిచాడు. అవతలినుంచి ఆడవాళ్ళ నవ్వులు, ఎవరివో దీవెనలు రేడియోలోంచి వినిపించాయి. నోరు మూశాడు.

దారిపొడుగునా లెక్క వేసుకున్నాడు. తొడలూ భుజాలూ చలికి చెడకుండా ఉన్నాయి, చూసినవాడెవడూ తేడా కనిపెట్టలేడు. చెప్పకపోతే బర్రె బతుకుతుంది, పిల్లలకి పాలుంటాయి, జపార్ పేరు మీద వంద మంది కడుపునిండా తిని చేతులెత్తి దీవిస్తారు. చెప్తే ఎవరికి లాభం? ఎవరికీ లేదు. పొట్టేలుకి అసలే లేదు. ఒకచోట బేగిమాయ్ గుర్రాన్ని పక్కకి తెచ్చి, "అది ఎప్పుడు పోయింది బైకే?" అని అడిగింది.

"ఎందుకు?"

"ఆయన అడుగుతున్నాడు. రాత్రి నిద్రపోలేదు."

"చెప్తాను. కాసేపాగు," అన్నాడు దోలోత్.

బురుల్ ఆపా ఇంటిముందు రెండు గుండిగల్లో నీళ్ళు అప్పుడే ఆవిరి పడుతున్నాయి. దూరపు ఊళ్ళ గుర్రాలు కంచె పొడుగునా కట్టి ఉన్నాయి. ఆడవాళ్ళు ఉల్లిపాయలు తరుగుతున్నారు. మాంసాన్ని చర్మం మీద పరిచారు. కోసేముందు ముల్లా ఇదిరిస్ వచ్చి ఒక్క ప్రశ్న అడగడం ఆ ఊరి పద్ధతి. ఆయన అడుగుతాడు, వేటగాడు అవునంటాడు, ఆడవాళ్ళు కత్తులు తీస్తారు. జవాబు కోసం ఎవరూ ఆగరు. ఆ రోజు కూడా ఒకామె ముందే కత్తి నూరుకుంటోంది.

"ఊపిరి ఉండగా అందిందా?" అన్నాడు ముల్లా.

దోలోత్ ఎదురుగా బురుల్ ఆపా నిలబడి ఉంది. తెల్ల తలగుడ్డ కొత్తది కట్టుకుంది. జపార్ ఇరవై ఏళ్ళు ఇదే చోట నిలబడి ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం అతను చూశాడు. అవునన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"అందలేదు," అన్నాడు.

ఉల్లిపాయలు తరిగే చప్పుడు ఆగిపోయింది.

"ఏం మాటలివి బైకే?" కుబాత్ ముందుకి దూకాడు. "అలసిపోయాడు, ముల్లాగారూ, రాత్రంతా కొండ మీదున్నాడు. మెడ మీద గాటు కనపడటం లేదా?"

"గాటు నేనే పెట్టాను. చచ్చాక పెట్టాను. రాత్రెప్పుడో పోయింది అది."

"మరి పొద్దున రేడియోలో అందిందన్నారే!" అంది కత్తి నూరుకునే ఆమె.

"అన్నది నేను కాదు. కాదని కూడా అనలేదు. అది నా తప్పే."

"అయితే నిరుడు మా పిల్ల పెళ్ళికి తెచ్చావే, అది?" ఆమె గొంతు పెరిగింది. "దానికీ ఇట్లాగే గాటుంది! నూట యాభై మందికి పెట్టాను నేను!"

"దాన్ని అందుకున్నానమ్మా. ఒట్టు."

"ఏదని నమ్మాలి?"

నిజం చెప్తే బరువు దిగుతుందనుకున్నాడు దోలోత్, పిచ్చివాడు. ముప్పై ఏళ్ళ అవునులన్నీ ఒక్క కాదుతో మట్టిలో కలిశాయి.

బురుల్ ఆపా దగ్గరికి వచ్చింది.

"నోరు మూసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేదిరా?" అంది. "ఆ లెక్క దేవుడు నిన్నడిగేవాడు, నన్ను కాదు. ఇంతమందిని గుమ్మంలో పెట్టుకుని ఇప్పుడా చెప్పడం? నేను అడిగానా నీ నిజం?"

"కాల్చమన్నది నేనే ఆపా. అంత దూరం వద్దని తెలిసి కూడా కాల్పించాను. నీ భోజనాలకి మాంసం కావాలని. దొర తప్పు లేదు." దోలోత్ తన గుర్రం దగ్గరికి వెళ్ళి, నడికట్టు విప్పి, జీను తీసి నేల మీద పెట్టాడు. "దీన్ని కొయ్యండి. మాంసం గుర్రానిదైతే మా గురువుకి గౌరవం కూడా."

ముసలామె గుర్రాన్ని చూసింది, అతన్ని చూసింది.

"గుర్రం లేకపోతే రేపు దగ్గరికి ఎట్లా పోతావు?" అంది. "వెయ్యి మీటర్ల నించి కాల్పిస్తావా? పెట్టు జీను!"

ఇదంతా బేగిమాయ్ రోలాండ్‌కి చెప్తూనే ఉంది. ఈసారి ఒక్క మాటా మార్చలేదు, తగ్గించలేదు. రోలాండ్ టోపీ తీసి ముందుకి వచ్చాడు. ఎన్ని గొర్రెలు కావాలంటే అన్ని కొనిస్తాను, ఎంతైనా సరే అన్నాడు.

"నలభై కిలోమీటర్ల లోపల గొర్రె లేదు. డబ్బు ఉడకబెట్టి పెట్టనా వంద మందికి?" అంది బురుల్ ఆపా. తర్వాత గొంతు తగ్గించింది. "ఆయన్ని ఏమీ అనకు. అతిథి."

నిరుడు పెళ్ళి చేసిన ఆమె ఇంకా గొణుగుతూనే ఉంది. బురుల్ ఆపా ఆమెకేసి తిరిగింది. "ఆపవే ఇక. అబద్ధమాడేవాడైతే ఇవాళే ఆడేవాడు. ఇంతకంటే మంచిరోజు ఎక్కడ దొరుకుతుంది వాడికి? మీ పెళ్ళి మాంసం మంచిదే, హాయిగా నిద్రపో." అని కొట్టంలోకి పోయి జడల బర్రెని తోలుకొచ్చింది.

నల్లటి బర్రె, నుదుట తెల్లమచ్చ. జనాన్ని చూసి బెదరలేదు. మనవళ్ళిద్దరూ వెంట వస్తే ఆమె వాళ్ళని ఇంట్లోకి తరిమేసింది. ముల్లా తాడు తెచ్చి, పనిలేకుండా నిలబడ్డ రోలాండ్ చేతికి ఒక కొస ఇచ్చాడు. రోలాండ్ ఆ తాడుని రెండు చేతులా పట్టుకున్నాడు. బర్రె మెడ తిప్పి అతని చేతిని వాసన చూసి, ఉప్పు దొరుకుతుందేమోనని నాకింది. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు, కానీ తల పక్కకి తిప్పుకున్నాడు.

"దోలోత్ చేత్తోనే కానివ్వండి," అంది బురుల్ ఆపా.

దోలోత్ కత్తి తీశాడు.

"ఆగు," అంది ఆమె. "పొదుగు నిండుగా ఉంది. ముందు పాలు పితకనీ."

ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, తల బర్రె డొక్కకి ఆనించి, పితకడం మొదలుపెట్టింది. వంద మంది జనం, మరుగుతున్న రెండు గుండిగలు, చెంబులో పాలధార చప్పుడు. ఆమె తొందరపడలేదు. నాలుగు చన్నులూ ఆఖరి చుక్కదాకా పితికింది. చెంబు గుమ్మంలో పెట్టి, అందులోంచి ఒక గిన్నెడు తీసి, నడిచివచ్చి దోలోత్‌కి అందించింది.

"తాగు."

"ఆపా, పిల్లలకి..."

"తాగమన్నానా?"

దోలోత్ గిన్నె అందుకున్నాడు. పాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి, నురగ మీద నల్లటి వెంట్రుక ఒకటి తేలుతోంది. ఆమె కదలకుండా ఎదురుగా నిలబడి చూస్తోంది. అడుగంటా తాగాడు. ఆమె గిన్నె తీసుకుని, తలగుడ్డ కొసతో తుడిచి, చంకలో పెట్టుకుని, ఖాళీ చేత్తో బర్రె కన్ను మూసింది.

"ఇక కానీ," అంది.

దోలోత్ మూతి తుడుచుకోకుండానే ఒక అడుగు ముందుకి వేసి, దాని మెడ మీద చెయ్యి వేశాడు.